రాయమల్లు తల్లిముక్క

కంచరి రాయమల్లుకు లోకంలో బాగా వచ్చిన పనులు రెండే. ఒకటి ఇత్తడి కరిగించడం. రెండోది కరిగే ఇత్తడి ముందు నోరు మూసుకుని నిలబడడం. లోహం కరిగే మట్టిమూసలోంచి లేచే జస్తు పొగ, అంటే జింకు పొగ, తెల్లగా దూదిలా ఉంటుంది, పీలిస్తే ఆ సాయంత్రానికి చలిజ్వరం ఖాయం. అందుకని కంచరుల ఇళ్లలో పిల్లలకు మాటలు నేర్పడంతో పాటే మాట్లాడకుండా ఉండడమూ నేర్పుతారు. రాయమల్లు ఈ రెండో చదువులో మరీ ఆరితేరాడు. కొలిమి దగ్గర మూసిన నోరు ఇంటికొచ్చాక కూడా తెరవడం మరిచిపోయేవాడు. మంచివాడే. చెడ్డవాడని ఎవరైనా అంటే నేనే ఊరుకోను. కానీ మంచివాళ్లు చేసే చెడుగు ఒకటుంటుంది, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పుట్టింది చొప్పదండిలో. తాత చెంబులు పోశాడు, తండ్రి ఎడ్ల మెడగంటలు పోశాడు. పోలీసు చర్య జరిగిన మరుసటేడు కరీంనగర్ అంగళ్లలోకి సత్తు గిన్నెలు దిగాయి. తేలిక, తళతళ, చింతపండు పెట్టి తోమక్కరలేదు. రెండేళ్లు తిరిగేసరికి ఊళ్లో ఇత్తడి బిందె అడిగేవాళ్లు పెళ్లిళ్లప్పుడు తప్ప కనిపించలేదు. మరో రెండేళ్లు కొలిమి ముందు ఊరికే కూర్చుని, రాయమల్లు భార్య ఐలవ్వనూ, ఆమె తమ్ముడు ఇస్తారినీ వెంటబెట్టుకుని బెల్లంపల్లి వైపు రైలెక్కాడు. అక్కడికి నాలుగు కోసుల దూరంలో నల్లవాగు గని ఉంది. ఆ గని వర్క్‌షాపులో పంపుల భాగాలు పోతపోసే మనిషి కావాలని ఎవరో చెప్పారు. చెంబైనా పంపైనా లోపల డొల్లే కదా, పోయడానికేం అనుకున్నాడు రాయమల్లు. నిజంగానే నెల తిరక్కుండా పని పట్టేశాడు.

ఇస్తారి గురించి చెప్పాలి. తల్లి పోయాక అతణ్ని పెంచింది ఐలవ్వే. పన్నెండేళ్లప్పుడు తడి ఆరని అచ్చులో ఎవరో లోహం పోస్తే అది పేలి, చుక్క ఎగిరి ఎడమ కంట్లో పడింది. ఆ కన్ను పోయింది. ఒంటి కన్నుతో మూస వంచి పోయడం కుదరదు, దూరం తెలియదు. అందుకని అతను తుక్కు ఏరే పనిలో పడ్డాడు. పడ్డాడు కాదు, అందులో వెలిగాడు. గనిలోంచి విరిగిన కుళాయిలూ, అరిగిన బుష్షులూ వర్క్‌షాపుకు గుట్టగా వచ్చేవి. ఇస్తారి ఒక్కో ముక్కనూ తీసి రాతి మీద కొట్టి మోత వినేవాడు, విరిచి లోపలి లోహపు గింజ సన్నమో ముతకో చూసేవాడు, ఆకురాయితో గీకేవాడు, చివరికి పంటితో కొరికేవాడు. ఇది కంచు, ఇది ఇత్తడి, ఇందులో సీసం పాలెక్కువ అని చెప్పేవాడు. ఒక్కనాడూ తప్పలేదు.

"నా కన్ను మోసం చేస్తదేమో గని నా పండ్లు చెయ్యయ్ బావా" అనేవాడు నవ్వుతూ. బతుకులో అతనికున్న గర్వమల్లా అదొక్కటే.

ఇక తల్లిముక్క సంగతి. ఇది లేకపోతే ఈ కథే లేదు.

రాయమల్లు వంశంలో ఒక ఆచారం ఉంది. ఏ రోజు పోతపోసినా, అచ్చులన్నీ నిండాక మూస అడుగున మిగిలిన చివరి చుక్కలను పారబోయరు. పక్కనున్న ఇసుకలో బొటనవేలు గుచ్చి గుంట చేసి, ఆ చుక్కలు అందులో పోస్తారు. బొటనవేలంత ముక్క తయారవుతుంది, వేలి ముడతలు కూడా దాని మీద అచ్చుపడతాయి. దాన్ని ఇంటికి తెచ్చి గూట్లో పెడతారు. మర్నాడు ఇంటి ఆడమనిషి దానికి పసుపు రాసి సద్దిగిన్నెతో పాటు చేతికిస్తుంది. మూసలో ఆ రోజు అన్నిటికంటే ముందు పడేది అదే. అలా నిన్నటి లోహం ఇవాళ్టి దాంట్లోకి, ఇవాళ్టిది రేపటి దాంట్లోకి వెళుతుంది. ముత్తాత కరిగించిన ఇత్తడి ఇంకా నా మూసలో ఉంది అని రాయమల్లు అనుకునేవాడు. మగవాడు తనంత తాను గూట్లోంచి దాన్ని తీసుకోకూడదు, ఆడమనిషి చేతి నుంచే రావాలి. ఆమె ఇంట్లో లేకపోతే ఆ రోజు ముక్క గూట్లోనే ఉండిపోతుంది.

చొప్పదండి నుంచి రైల్లో వాళ్లు తెచ్చుకున్న సామానులో అన్నిటికంటే జాగ్రత్తగా వచ్చింది ఆ ముక్కే. ఐలవ్వ దాన్ని బియ్యంలో పెట్టి తెచ్చింది.

వర్క్‌షాపులో రాయమల్లు పోసేది ఎర్ర లోహం. నూటికి ఎనభై అయిదు పాళ్లు రాగి, తగరం అయిదు, సీసం అయిదు, జస్తు అయిదు. సీసం ఉంది కనుక లేతు మిషను మీద వెన్నలా తెగుతుంది, నీళ్లు పట్టి ఆపుతుంది. పంపు ఒళ్లు దాంతోనే పోసేవారు. పంపు లోపల తిరిగే చక్రాలూ, కవాటాల పీటలూ మామూలు ఇత్తడితో పోసేవారు. తంటా అక్కడే వచ్చింది. బొగ్గు పొరల్లోంచి ఊరే నీళ్లు పులుపు. ఆ పులుపు ఇత్తడిలోని జస్తును మెల్లమెల్లగా తినేస్తుంది. ఆర్నెల్లకు తీసి చూస్తే చక్రం చక్రంలానే ఉంటుంది, రంగు మాత్రం ఎర్రబారి ఉంటుంది. వేలితో నొక్కితే నానిన అటుకుల్లా రాలిపోతుంది.

యాభై ఎనిమిదిలో సేన్ సాబ్ అనే బెంగాలీ ఇంజనీరు వచ్చాడు. తెలుగు వాచకం కొనుక్కుని నేర్చుకున్న మనిషి, అందుకే పుస్తకంలా మాట్లాడేవాడు. ఆయన బొంబాయి నుంచి నల్లటి దిమ్మలు కొన్ని తెప్పించాడు. రాగిలో సిలికాన్ కలిపిన దిమ్మలవి.

"రాయమల్లు, సిలికాన్ అంటే ఇసుకలో ఉండే పదార్థమే. నూటికి ఎనభై రెండు రాగి, పద్నాలుగు జస్తు, నాలుగు సిలికాన్. ఈ ఇత్తడిని పులుపు నీరు తినదు" అన్నాడు.

ఇసుకను ఇత్తడిలో కలుపుతాడట అని వర్క్‌షాపంతా నవ్వింది. రాయమల్లు నవ్వలేదు. మొదటి మూస కరిగిన రోజే అతనికి ఆ లోహం మీద మోజు పుట్టింది. జస్తు ఉన్నా తెల్లపొగ దాదాపు లేదు, పైన పలచటి పొర కట్టి పొగను లోపలే ఆపేసింది. పోస్తే మజ్జిగలా పారి అచ్చులో సన్నటి మూలలక్కూడా పాకింది. చల్లారాక విరిచి చూస్తే గింజ సన్నం, రంగు లేత పసుపు. గట్టిదనం ఎంతంటే లేతు పనివాళ్లు రోజుకు రెండుసార్లు ఉలి పదును పెట్టుకుంటూ తిట్టేవాళ్లు. ఆ లోహంతో పోసిన చక్రాన్ని ఏడాది పాటు గని నీళ్లలో తిప్పి బయటకు తీస్తే మీద నల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. రాయమల్లు దాన్ని చేత్తో తడిమి, ఎద్దు మూపు తడిమినట్టు తడిమి, లోపల పెట్టాడు.

ఇస్తారి కూడా దాన్ని కొరికి చూశాడు. "గిది పంటి కింద జారుతది బావా. ఎర్ర దానిలెక్క మెత్తగ దిగది" అన్నాడు.

సేన్ సాబ్ ఒకటే షరతు పెట్టాడు. తుక్కు కోసం రెండు పెట్టెలు చేయించి, ఒకదానికి ఎరుపు, రెండోదానికి నలుపు రంగు వేయించాడు. "ఇస్తారి, కొత్త ఇత్తడి తుక్కు ఎర్ర లోహంలో పడరాదు. ఆవగింజంత సిలికాన్ చేరినా ఆ సీసం ఉన్న లోహం లోపల గింజకూ గింజకూ నడుమ పొర కడుతుంది. అతకదు. పైకి కనపడదు, నీరు మాత్రం కారుతుంది" అని విడమరిచి చెప్పాడు. ఇస్తారి తల ఊపాడు. రాయమల్లు కూడా అక్కడే ఉన్నాడు, విన్నాడు. మొలలో తల్లిముక్క ఉంది. ఆ మాటకూ ఈ ముక్కకూ సంబంధం ఉంటుందని అతనికి తట్టనే లేదు. తట్టదు కూడా. అతని దృష్టిలో అది లోహం కాదు, దేవుడి ముందు పెట్టే దండం లాంటిది.

మొదటి ఏడాది గండం లేకుండా గడిచింది. అప్పుడు నెలలో ఒక వారం కొత్త ఇత్తడి, మిగతా మూడు వారాలు ఎర్ర లోహం పోసేవారు. నెలకు ఒక పోత పాడైతే మామూలేనని పక్కన పడేసేవారు. యాభై తొమ్మిది వానాకాలం మాత్రం ముంచుకొచ్చింది. గని లోపల కింది గ్యాలరీ సొరంగంలో నీళ్లు మోకాలెత్తు లేచాయి. పంపులన్నీ ఒకేసారి కావాలి. ఒకరోజు కొత్త ఇత్తడి, మర్నాడు ఎర్రది, ఆ మర్నాడు మళ్లీ కొత్తది. రాయమల్లు రోజూ మూస ఎక్కిస్తూనే ఉన్నాడు, ఐలవ్వ రోజూ పసుపు రాసి ముక్క ఇస్తూనే ఉంది.

పోసిన పంపు ఒంటిని పరీక్షించడానికి రెండు పక్కలా బిరడాలు బిగించి లోపలికి నీళ్లు బలంగా ఎక్కిస్తారు. మంచిదైతే పొడిగా ఉంటుంది. ఆ వానాకాలం పోసిన పంపు ఒళ్లు ఒకటి తర్వాత ఒకటి చెమర్చడం మొదలుపెట్టాయి. పగులు లేదు, బీట లేదు. నున్నటి ఒంటి మీద నీటి చుక్కలు పుట్టుకొచ్చేవి. తుడిస్తే మళ్లీ పుట్టేవి. ఇరవై రోజుల్లో పదకొండు పోతలు పాడయ్యాయి. కింద నీళ్లు నడుం దాకా వచ్చాయి.

సేన్ సాబ్ ఒక ముక్క కోసి చూశాడు. ఆయనకు అనుమానమేమీ లేదు. సిలికాన్ చేరింది. ఎలా చేరింది?

ముందు రాయమల్లును పిలిచి అడిగాడు. "తూకం వేసి ఇచ్చినది కాక, నువ్వు మూసలో ఇంకేమైనా వేస్తున్నావా?"

"ఏం ఎయ్యలే సాబ్."

అబద్ధం ఆడాననే ఊహ కూడా అతనికి లేదు. ఆ క్షణాన దేవుడి ముందు నిలబెట్టి అడిగినా అదే చెప్పేవాడు.

తర్వాత ఇస్తారిని పిలిచారు. "నా పెట్టెల తప్పు లేదు సాబ్. కావాలంటే కుమ్మరించి సూడుండ్రి. నేను ఒక్కొక్కటి కొరికి ఏసిన" అన్నాడు ఇస్తారి. కుమ్మరించారు. పెట్టెలో తప్పేమీ దొరకలేదు. కానీ అప్పటికే కరిగిపోయిన తుక్కులో ఏముందో ఎవరు చెప్పగలరు? ఒంటి కన్నువాడు, పండ్లతో లోహం తేల్చేవాడు. సేన్ సాబ్‌కు అంతకంటే దగ్గరి కారణం కనిపించలేదు. రిజిస్టరులో ఇస్తారి పేరు మీద ఎర్ర సిరాతో, నిర్లక్ష్యంగా తుక్కు కలిపి పోతలు పాడుచేసినందుకు వర్క్‌షాపు నుంచి తొలగించడమైనది అని రాశాడు. దయతలచి గని లోపల బొగ్గు టబ్బులు, అంటే పట్టాల మీద నడిచే తొట్లు, నింపే పని ఇచ్చాడు.

ఇస్తారి ఆ రోజు అన్నం తినలేదు. "అక్కా, పని పోయిందని కాదే. కలిపినోడని రాసిండ్రు. నేను కలుపుతనా?" అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. మనసు కుదుటపడుతుందని ఐలవ్వ అతణ్ని వెంటబెట్టుకుని చొప్పదండి వెళ్లింది. అక్కడ పక్షం రోజులు ఉంచుకుని, నచ్చజెప్పి, మళ్లీ తీసుకొచ్చింది.

ఆ పక్షం రోజులూ తల్లిముక్క గూట్లోంచి కదల్లేదు.

ఆ పక్షం రోజులూ ఒక్క పోతా చెమర్చలేదు. ఎర్ర లోహం పోస్తే ఎర్ర లోహం, కొత్తది పోస్తే కొత్తది, అన్నీ పొడిగా నిలబడ్డాయి. సేన్ సాబ్ సంతోషించాడు. "చూశావా? మనిషి మారాడు, పోత బాగుపడింది" అన్నాడు. దాంతో ఇస్తారి నేరం రుజువైపోయింది. రాయమల్లు కూడా లోలోపల, పాపం ఒంటి కన్ను, ఎక్కడో పొరపాటు పడ్డాడేమో అనుకున్నాడు.

ఐలవ్వ తిరిగొచ్చిన మర్నాడు పసుపు రాసి ముక్క చేతికిచ్చింది. ఆ రోజు కొత్త ఇత్తడి పోశాడు. అందులో ముక్క వేశాడు, చివర కొత్త ముక్క తీసుకున్నాడు. మరుసటి రోజు ఎర్ర లోహం. ముక్క వేశాడు, పోశాడు, ఇసుకలో వేలు గుచ్చి చివరి చుక్కలు తీసుకున్నాడు. ఆ మర్నాడు పంపు ఒంటిలోకి నీళ్లు ఎక్కించారు.

చెమర్చింది.

రాయమల్లు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. చేయి మొలలోకి వెళ్లింది. గట్టిగా, వేలి ముడతలతో, ముక్క తగిలింది. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పాడైన పదకొండూ కొత్త ఇత్తడి పోసిన మర్నాడు పోసినవే. ఎర్ర ముక్క కొత్త ఇత్తడిలో పడితే ఆ కాస్త సీసాన్ని అది దిగమింగేది. కొత్త ముక్క ఎర్రదాంట్లో పడితే మాత్రం బొటనవేలంతే చాలు, మూసంతా చెడేది. ఆవగింజంత అన్నాడు సేన్ సాబ్. తను రోజూ బొటనవేలంత వేశాడు, దండం పెట్టి మరీ వేశాడు. ముత్తాతల నాటి నుంచి ఏ లోహమైనా ఇత్తడే కనుక ఆ ఆచారం ఎవరికీ చెరుపు చేయలేదు. రెండు లోహాలకు పొత్తు కుదరదన్నది తాతలకు తెలియని సంగతి.

ఇసుక మీద కూర్చుండిపోయాడు.

అప్పుడే లేచి సేన్ సాబ్ గదికి వెళ్లాల్సింది. ఇరవై అడుగుల దూరం. నేను పక్కనుంటే రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్లేదాన్ని. రాయమల్లు లేచాడు, గుమ్మం దాకా వెళ్లాడు కూడా. సేన్ సాబ్ తలెత్తి చూశాడు. "ఒక్క పోత పోతే పోయింది, కొత్త మనిషి కదా తుక్కు దగ్గర, నేర్చుకుంటాడు. నువ్వు దిగులు పడకు. వచ్చే నెల నుంచి నిన్ను మేస్త్రిని చేస్తున్నాను" అన్నాడు. రాయమల్లు నోరు మూసుకుని వెనక్కి వచ్చాడు. అతనికి భయం పని పోతుందని మాత్రమే కాదు. చొప్పదండిలో కొలిమి చల్లారింది, కరిగిన లోహం ముందు నిలబడే చోటు అతనికి భూమ్మీద ఇదొక్కటే మిగిలింది. అది లేకుండా తనేమిటో అతనికి తెలియదు.

ఆ రోజు నుంచి ముక్కను మూసలో వేయడం మానేశాడు. ఐలవ్వకు చెప్పలేదు. ఆమె పొద్దున పసుపు రాసి ఇస్తుంది, అతను మొలలో పెట్టుకుని వెళతాడు, సాయంత్రం అదే ముక్కను తెచ్చి గూట్లో పెడతాడు. పాతది వేయకుండా కొత్త ముక్క పోసి తెచ్చి మాయ చేయవచ్చు కదా అంటే, అది అతనికి చేతకాలేదు. తల్లిలేని ముక్కను గూట్లో పెట్టడానికి చేయి రాలేదు. బామ్మర్ది పేరు మీద పడ్డ మచ్చను చూస్తూ ఊరుకోగలిగిన మనిషికి ఆ ఒక్క విషయంలో ఎంత నిష్ఠ!

పోతలు మళ్లీ చెమర్చలేదు. నల్లవాగు వర్క్‌షాపు పోతకు పేరొచ్చింది. రాయమల్లు మేస్త్రి అయ్యాడు. ఒక్కో మంచి పోతా ఇస్తారి పేరు మీద ఇంకో ఎర్ర గీత గీస్తున్నట్టు ఉండేది అతనికి. అన్నం సగంలో వదిలేయడం, పిలిస్తే రెండోసారికి గాని పలక్కపోవడం అలవాటయ్యాయి.

ఇస్తారి గనిలోకి దిగుతున్నాడు. సైరన్ మోగాక ఒళ్లంతా మసితో బయటకొచ్చి, వర్క్‌షాపు కంచె దగ్గర ఆగేవాడు. లోపలికి రాడు. కంచె అవతల పడేసిన తుక్కులోంచి ఒక ముక్క తీసి, రాతి మీద కొట్టి విని, మళ్లీ అక్కడే పెట్టి పోయేవాడు. పాత సోపతిగాళ్లు, ఏం కలుపుతున్నవురా ఇస్తారీ అని ఆటపట్టించేవాళ్లు. మొదట్లో తిట్టేవాడు. తర్వాత తిట్టడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం రాయమల్లు కోసం అక్కడే నిలబడ్డాడు.

"బావా, ఒక్క మాటడుగుత. లోకం ఏమన్న అనుకోని. నేను కలిపిన్నని నువ్వైతే నమ్మలే గద?"

రాయమల్లు మొలలో ముక్క ఉంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఈ జన్మలో రాదు.

"నమ్మలే. నీ చెయ్యి తప్పది" అన్నాడు.

ఇస్తారి ముఖం మసిలోంచే విప్పారింది. "గంతే సాలు బావా. నువ్వొక్కనివి నమ్మకుంటె సాలు. నాకిగ ఫికరు లేదు" అని చేయి పట్టుకుని ఊపి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఈల వేసుకుంటూ పోయాడు. నిజం చెప్పీ, చెప్పకుండా, ఒకే మాటతో ఇంత పాపం మూటగట్టుకున్న మనిషిని నేను ఇంకొకణ్ని చూడలేదు.

అరవై రెండు చలికాలం, పొద్దుటి షిఫ్టు. గని వాలులో టబ్బుల వరసకు కొక్కెం ఊడింది. టబ్బులు వెనక్కి జారాయి. పక్కనున్న నలుగురూ చూసి గోడకు అతుక్కున్నారు. ఇస్తారికి అవి ఎడమ వైపు నుంచి వచ్చాయి.

పది గంటలకు పైకి తెచ్చారు. ఐలవ్వ తమ్ముడి ముఖం మీది మసిని తన కొంగుతో తుడుస్తూ కూర్చుంది, తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచింది. రాయమల్లు దూరంగా నిలబడ్డాడు. అతనికి ఏడుపు రాలేదు, ఏడ్చే హక్కు లేదనిపించింది.

దినాలు అయిపోయిన మర్నాడు ఐలవ్వ ఎప్పటిలాగే సద్దిగిన్నె ఇచ్చింది, పసుపు రాసిన ముక్క ఇచ్చింది. రాయమల్లు వర్క్‌షాపుకు వెళ్లి, కొలిమి దగ్గరికి పోకుండా, తిన్నగా సేన్ సాబ్ గదిలోకి వెళ్లాడు. ముక్కను బల్ల మీద పెట్టాడు. మొత్తం చెప్పాడు. చెప్పడానికి పట్టింది ఎంతసేపు? ఒక మూస కరిగేంత కూడా పట్టలేదు. అంత చిన్న మాటకు మూడేళ్లు.

సేన్ సాబ్ ముక్కను తిప్పి తిప్పి చూశాడు. తూకం వేశాడు. కాగితం మీద ఏవో అంకెలు వేసి, కలం పక్కన పెట్టేశాడు.

"చాలు. ఇంత చాలు. ఇంతకంటే తక్కువైనా చాలును" అన్నాడు. "నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"అడిగిననాడు నాకు ఎరుక లేదు సాబ్. ఎరుకైనంక నోరు రాలే."

"నేను పెట్టె చూశాను. తప్పు దొరకలేదు. అయినా రాశాను" అన్నాడు సేన్ సాబ్, తనలో తాను అనుకుంటున్నట్టు.

రిజిస్టరు తీయించాడు. ఇస్తారి పేరు దగ్గరున్న ఎర్ర వాక్యాన్ని ఆ ఎర్ర సిరాతోనే అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాడు. దాని కింద రాయమల్లు పేరు రాశాడు. మేస్త్రి పని తీసేశాడు, మూస ముట్టకూడదన్నాడు, బయట ఇసుక జల్లెడ పట్టే పని ఉంటే చేసుకోమన్నాడు. రాయమల్లు దండం పెట్టి, బల్ల మీది ముక్కను తీసి మొలలో పెట్టుకున్నాడు. కొట్టేసిన గీతను ఒకసారి వేలితో తాకవచ్చా అని అడిగాడు. సిరా ఇంకా తడిగా ఉంది, వేలికి అంటుకుంది.

మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాడు. ఐలవ్వ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఈ వేళప్పుడు ఎందుకొచ్చావని ఆమె అడగలేదు. అతను ఎదురుగా నేల మీద కూర్చుని, మొలలోంచి ముక్క తీసి ఇద్దరికీ మధ్య పెట్టాడు.

"ఐలీ. ఇస్తారి తప్పు లేదే. గీ ముక్కనే చేసింది. నేనే..."

"నాకెర్కే" అంది ఐలవ్వ.

చేట ఆగలేదు. ఆమె చేతులు చెరుగుతూనే ఉన్నాయి.

"కంచరోళ్లింట్ల పుట్టిన. ముక్క ఎట్లుంటదో నాకెర్క లేదా? రోజు కొత్త వేలిముద్రతోని వచ్చేటిది. మేము ఊరికెళ్లి వచ్చిన మూడోనాటి సంది ఒక్కటే ముద్ర. గా మూలకు చిన్న సొట్ట. పొద్దుగాల గా సొట్టలనే పసుపు పెడ్తి, పొద్దూకి గా సొట్టతోనే తెస్తివి. ఏస్తలేడని వారానికే తెలిసింది. ఎందుకేస్తలేడో ఇంకో వారానికి సమజైంది."

రాయమల్లు వంగి ముక్క మూలనున్న సొట్టను చూశాడు.

"నేనే చెప్దునా అనుకున్న. చెప్తే నీ పని పోతది. నువ్వు కొలిమి లేకుంట బతకవు. మొగనికి అన్నం పెట్టాల్నా, తమ్మునికి పేరు పెట్టాల్నా అని ఎన్ని దినాలు కొట్టుకున్ననో. ఆఖరికి నువ్వే చెప్తవనుకున్న. వాడు నీ దోస్తు గద. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని మూడేండ్లు పసుపు పెట్టుకుంట చూసిన." చేట కింద పెట్టింది. "ఒకనాడు ఈల వేసుకుంట వచ్చిండు. అక్కా, బావ నన్ను నమ్మిండే అన్నడు. అప్పుడు నీ మీద కాదు, నా మీద నాకు ఉమ్మెయ్యబుద్ధైంది."

వర్క్‌షాపు వైపు నుంచి మధ్యాహ్నపు సైరన్ మోగింది, ఆగింది.

"కొట్టేసిండ్రు" అన్నాడు చివరికి రాయమల్లు, ఎర్ర సిరా అంటిన వేలు చూపిస్తూ. "వాని పేరు మీద రాసింది కొట్టేసిండ్రు."

ఐలవ్వ ఆ వేలు వైపు చూసింది. ముక్కను చేతిలోకి తీసుకుని, సొట్టలో మూడేళ్లుగా గడ్డకట్టిన పసుపును గోటితో గీకసాగింది. అది రాలేదు.

"వానికి ఎవరు చెప్పాలె?" అంది.